కొంగను బాతనే సారు

ఆ ఆదివారం ఉదయం ఆరుంబావయ్యేసరికి దామోదర్ రావు సారు మూడు పక్షుల పేర్లు తప్పు చెప్పేశారు. మేడిపల్లి దగ్గరి చెరువుగట్టు మీద నిలబడి, అవతలి పొలాలకు వినపడేలా, ఏ పిట్టనైనా తప్పు పేరుతో పిలవడం ఆయన అలవాటు.

"అగో, ఒళ్లంత నలుపు, నొసలు తెలుపు, ఈదుతున్నది. నీటికాకి!"

"కాకి గాదు రావ్ సాబ్, బొల్లికోడి," అన్నాడు నెత్తికి తువ్వాల చుట్టుకుని పక్కన కూర్చున్న జలాలుద్దీన్. "ఎన్నిసార్లు చెప్పాలె? సర్కారు మీకు జీతం ఎట్లిచ్చింది?"

భవ్య తలవంచుకుంది. కోరుట్ల కాలేజీలో ఆమెకు జువాలజీ చెప్పింది ఈ సారే. బొద్దింక శాస్త్రీయనామంలో ఒక్క అక్షరం తప్పితే వరండాలో కూర్చోబెట్టి యాభైసార్లు రాయించిన మనిషి. ఆ వరండా చల్లదనం, కిటికీలోంచి గట్టిగా వినిపించే ఆయన పాఠం ఆమెకు ఇప్పటికీ గుర్తే. అలాంటి సారు ఇలా అయిపోయారా?

ఆమె వచ్చిన పని వేరు. నలభై ఏళ్లు ఈ చెరువుకు కావలి కాసిన జలాలుద్దీన్, ఏటా పక్షుల లెక్కకు గైడు. షుగరుతో చూపు పోయిందని ఎవరో చెప్పారు. నిజమైతే ఇంకొకరిని పెట్టాలి. తేల్చి రమ్మని జగిత్యాల అటవీశాఖ ఆఫీసు నుంచి భవ్యను పంపారు.

బతుకమ్మ పండుగ పోయి పది రోజులు. వాడిన తంగేడు పూలు ఒడ్డున ఇంకా తేలుతున్నాయి. వాటి మధ్యకు ఓ పక్షి దిగింది.

"తెల్లగ, పొడుగు కాళ్లు, మూతి తెడ్డు లెక్క. బాతు!"

"తెడ్డుమూతి కొంగ! బాతుకు గంత కాళ్లుంటయా? మీ పోరగాండ్లు ఎట్ల పాసైండ్రో!"

"కాపీ కొట్టిండ్రు, జలాల్ భాయ్."

"నేను కొట్టలే సార్!" అంది భవ్య.

సారు ఫ్లాస్కులోంచి చాయ్ పోస్తుండగా తుంగలోంచి ఇంకో పక్షి వచ్చి పదడుగుల దూరంలో నిలబడింది. జలాలుద్దీన్ చూపు సరిగ్గా దానివైపే ఉంది.

"చాచా, ఇదేం పిట్ట?"

"ఏది బిడ్డా?"

సారు చాయ్ ఒలకబోసుకుంటూనే అరిచారు.

"గదా! నీలం ఒళ్లు, ఎర్రముక్కు, ఎర్రకాళ్లు, కోడంత ఉన్నది. లకుముకి!"

"కోడంత లకుముకా? తౌబా! నీలి బొల్లికోడి సాబ్!"

సారు చెప్పిన పేర్లన్నీ తప్పే. రంగు, ముక్కు, కాళ్లు మాత్రం ఒక్కటీ తప్పలేదు. భవ్య ఆయనను పక్కకు పిలిచింది.

"సార్, చాచాకు కనవడ్తలేదు."

"మెల్లగ! గీ పిట్టలన్ని నాకు నేర్పింది ఆయనే. పేర్లు ఆయన తాన ఉన్నయ్, కండ్లు నా తాన. ఇగ నీ ఇష్టం బిడ్డా."

భవ్య ఫారం నింపి, పైకి చదివింది. "గైడు, జలాలుద్దీన్. సహాయకుడు, దామోదర్ రావు."

"గీయన ఎందుకు బిడ్డా? ఒక్కటి సక్కగ చెప్పడు!"

"మీ తాన నేర్చుకుంటడు చాచా."

ఎండెక్కేసరికి ముప్పై ఎనిమిది రకాల పక్షులు లెక్కకొచ్చాయి. ముప్పై ఎనిమిదింటికీ సారు పేరు తప్పే చెప్పారు.