ఎండకు ఎత్తిపట్టిన అద్దం బొమ్మ

అది 1878. రెండేళ్ళ కిందట ధాత సంవత్సరంలో మొదలైన కరువు ఉదయగిరి సీమను ఇంకా వదలలేదు. కొత్త సంవత్సరం పేరు బహుధాన్య. మా ఇంట్లో మాత్రం గుప్పెడు జొన్నలకు దిక్కులేదు. తోలుబొమ్మలు చేసి ఆడించడం మా వృత్తి. ఆట కట్టించే ఊరు లేక మా అన్న చెన్నపట్నం కూలికి పోయాడు. ఆ తర్వాత కబురు లేదు.

ఒకనాడు ఆత్మకూరు బండివాడు చిన్న పొట్లం తెచ్చాడు. విప్పితే అద్దం పలక మీద అన్న ముఖం! ఫోటోగ్రాఫు, అంటే వెలుతురే దించిన బొమ్మ. కూలీల బొమ్మలు తీసే దొరెవరో అక్కర్లేదని ఇచ్చిన పలకట.

వదిన గురవమ్మ తోలు మీద కళ్ళు చెక్కడంలో చెయ్యి తిరిగిన మనిషి. పెట్టెలకు రంగులేసే మస్తాన్ సాయిబు కూడా వచ్చాడు. ముగ్గురం దాని చుట్టూ చేరాం.

"గీతనేది యాడా కనపడదే! ముక్కు పక్కన ఆ నీడ చూడు వదినా, ముక్కు పైకి లేచినట్టుండాది," అన్నాను.

"మనం ముఖాన్ని పక్కకు తిప్పి గీస్తాం. ఈయన నన్నే చూస్తా ఉండాడబ్బయా," అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ.

తోలుబొమ్మకు వెనక దీపం ఉంటేనే ప్రాణం. ఆ అలవాటు కొద్దీ వదిన, "వెలుతురుకు అడ్డం ఈ గుడ్డెందుకు?" అంటూ పలక వెనకున్న నల్లగుడ్డను ఊడబెరికి, దాన్ని ఎండకు ఎత్తిపట్టింది.

అన్న ముఖం బొగ్గయిపోయింది. జుట్టు తెల్లబడింది. కనుపాపల చోట తెల్లటి చుక్కలు.

"పోయినాడు! ఆయన పోయినాడబ్బయా!" వదిన గాజుల చేతిని గడపకేసి కొట్టబోయింది. గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాను.

సాయిబు పలక లాక్కుని నల్లగుడ్డ మళ్ళీ వెనక పెట్టాడు. అన్న ముఖం తిరిగొచ్చింది.

"దీన్ని నలుపు మీద పెట్టి చూడాలమ్మా. నెల్లూరులో ఈ బొమ్మలు తీసేవాడి దగ్గర చూసినాను. మీ బొమ్మకు వెనక దీపం, దీనికి వెనక చీకటి. అంతే."

ఊపిరి పీల్చుకున్నాం. వదిన మాత్రం చాలాసేపు చూసి, "ఇది దించిన పొద్దు బతికుండాడు. మరి ఈ పొద్దు?" అంది. సాయిబు పలకను ఆమె చేతిలో పెట్టాడు.

కొత్తరకం బొమ్మ కనబడితే, ఎలా చూడాలని ముందు అడగడం ఆనాడు నేర్చుకున్నదే. అయినా ఫోటోగ్రాఫంటే నాకిప్పటికీ భయం. మా బొమ్మలు ఆట ముగిశాక పెట్టెలో పడుకుంటాయి. అన్న మాత్రం ఆ అద్దంలోంచి రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉన్నాడు. మనిషి మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆ చూపు ముందు గాజులు తీసెయ్యడానికి వదినకు చివరిదాకా చెయ్యి రాలేదు.