పుస్తకంలో జాక్బు పేరు

మా బిర్గు రేవులో పడవ నడిపే నార్దు మితభాషి. టర్కీ సైన్యం మా మాల్టా ద్వీపాన్ని చుట్టుముట్టిన వేసవిలో, అవతలి ఒడ్డునున్న ఎల్మో కోటకు రొట్టెలూ మందుగుండూ చేరవేసినవాళ్లలో అతనొకడు. ఆ పని మీద వెళ్లి ప్రాణాలతో మిగిలినవాళ్లు అరుదు. అందుకే మా వీధిలో ఎవరింట్లో చేపలు వేయించినా అతని ఇంటికి ఒక పళ్లెం వెళ్లేది.

అతని జతగాడు జాక్బు తిరిగి రాలేదు. "గుండు తగిలి నీళ్లలో పడిపోయాడు పిన్నీ. నా కళ్లముందే మునిగిపోయాడు" అని జాక్బు తల్లి ఇంపెరియాకు నార్దే చెప్పాడు. ఆమెకు భర్త లేడు, వాడొక్కడే కొడుకు. శవం దొరకలేదు. ఏటేటా మా చర్చి గురువుగారు దున్ మత్తెవ్ జాక్బు ఆత్మశాంతికి పూజ చేసేవారు. ఆ ఉదయం ఆమె ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని అందరికంటే ముందు చర్చికి వచ్చి కూర్చునేది.

కొన్నేళ్లకు సిసిలీ ఓడలో ఒక పుస్తకం వచ్చింది. ముట్టడిలో మాతోపాటే గోడల మీద నిలిచి పోరాడిన ఒక స్పెయిన్ సిపాయి, చూసినదీ విన్నదీ ఏరోజుకారోజు రాసిపెట్టుకుని, తన దేశం వెళ్లాక అచ్చు వేయించాడట. ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద గురువుగారు దాన్ని చదువుతూ మా భాషలో చెప్పారు. మా గోడల పేర్లు, మా వీధుల పేర్లు అందులో వినబడుతుంటే జనం కేకలు పెట్టారు.

"ఒరేయ్ నార్దూ, నీ పేరూ వస్తుందిరా, చెవులు రిక్కించి విను!" అన్నాడొక ముసలాయన.

వచ్చింది జాక్బు పేరు. 'ఆ సాయంత్రం జాక్బు అనే మాల్టా పడవవాడు నీళ్లలో దూకి, శత్రువుల వైపు ఈదుకుంటూ పోయి, వాళ్లలో కలిసిపోయాడు' అని ఉంది. సగం చెప్పాక గానీ గురువుగారికి తాను చదువుతున్నదేమిటో అర్థం కాలేదు. అప్పటికే అందరూ విన్నారు. ఇంపెరియా కూడా విన్నది.

నిజానికి ఆ మాట నార్దుదే. ఆ సాయంత్రం కోటలో సరుకు దించి ఖాళీ పడవతో వస్తుండగా టర్కీ పడవ ఒకటి తరిమింది. అల కొట్టి జాక్బు నీళ్లలో పడ్డాడు. "ఆగరా నార్దూ!" అని అరిచాడు. నార్దు ఆగలేదు. తెడ్లు వేస్తూనే ఉన్నాడు. ఇవతలి ఒడ్డున ఒక దొర నిలదీశాడు. మా ద్వీపాన్ని ఏలే సిలువ యోధులను మేం దొరలనే అంటాం. తోటివాణ్ణి వదిలేసి వచ్చినవాడికి ఉరి తప్పదని నార్దు భయపడ్డాడు. "వాడే దూకి వాళ్లవైపు పోయాడు దొరా" అనేశాడు. ఆ దొర ఆ వారమే చనిపోయాడు. మాట అతనితోనే పోయిందనుకున్నాడు నార్దు. పక్కన నిలబడి విన్న సిపాయి సంగతి అతనికి గుర్తే లేదు.

మర్నాటి నుంచి వీధివాళ్లంతా రొట్టెలు కాల్చుకునే పొయ్యి దగ్గర ఇంపెరియా పక్కన ఎవరూ నిలబడలేదు.

"కొడుకు అక్కడ తలపాగా చుట్టుకుని కులాసాగా ఉంటే, ఈవిడ ఇక్కడ పూజలు చేయిస్తోంది" అంది ఒకావిడ, వినబడేలాగే.

శత్రువుల్లో కలిసి మతం మారినవాడికి పూజ చేయకూడదని గురువుగారు మానేశారు. నార్దును మాత్రం అందరూ మెచ్చుకున్నారు. ఆ తల్లి తల దించుకోకూడదని నిజం దాచాడన్నారు. చివరికి ఇంపెరియా కూడా ఓ గిన్నెడు ఉడికించిన బీన్సు పట్టుకుని అతని గుమ్మంలోకి వచ్చింది.

"నీకన్నీ తెలుసు. నేను ఏడుస్తానని నాతో చెప్పలేదు. నువ్వు నా కడుపున పుట్టినా బావుండేదిరా" అంది.

ఆమె వెళ్లాక ఆ గిన్నె ముట్టుకోవడానికి అతనికి చేతులు రాలేదు. పరుగున వెళ్లి గురువుగారి దగ్గర పాపసంకీర్తనం చేశాడు, తన తప్పంతా చెప్పుకున్నాడు. అంతా విన్నాక ఆయన ఇలా అన్నారు.

"ఇక్కడ విన్నది నేను బయట చెప్పకూడదు. రేపు ఆవిడ ఎదురుపడితే ఏమీ తెలియనట్టే మొహం తిప్పుకోవాలి. నా నోరు కట్టేశావురా అబ్బాయ్. ఇక నీ నోరే విప్పాలి."

ఆ ఆదివారం నార్దు చర్చి మెట్ల మీద నిలబడి అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. ఎవరో ఉమ్మేశారు. "వీడికా మనం చేపలు పెట్టింది!" అన్నారెవరో. ఇంపెరియా జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"నా బిడ్డ నిన్ను పిలిచాడా?"

"పిలిచాడు పిన్నీ."

"పిన్నీ అనకు."

అంతే, వెళ్లిపోయింది. పూజ మళ్లీ మొదలైంది. నార్దు ఏటా ఆ రోజు చర్చి బయటే నిలబడేవాడు. ఆమె అతణ్ణి చూడకుండా దాటిపోయేది. దొరలు అతన్ని శిక్షించలేదు. పాత సంగతులు తవ్వే తీరిక వాళ్లకు లేదు, కొత్త నగరం కడుతున్నారు. శిక్ష పడినా బావుండేదని నార్దు ఒకసారి నాతో అన్నాడు.

అయినా పుస్తకంలో మాట అలాగే ఉంది. నార్దు బతిమాలితే గురువుగారు ఆ సిపాయికి ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. కానీ కొంతకాలానికి అదే పుస్తకం మళ్లీ అచ్చయి వచ్చింది. తప్పులు దిద్దారని మొదటి పేజీలోనే ఉంది. గురువుగారు దాన్ని తిన్నగా ఇంపెరియా ఇంటికి తెచ్చారు. నార్దు వీధిలోనే ఆగిపోయాడు.

గురువుగారు ఆ రోజు వివరాలున్న పేజీ వెతికి చదివారు. ముందు పేజీ, వెనక పేజీ కూడా చూశారు. జాక్బు పారిపోయాడన్న మాట లేదు. జాక్బే లేడు. ఆ వాక్యం మొత్తం తీసేశారు.

"పోనీలే ఇంపెరియా, నింద పోయింది" అన్నారాయన.

"నింద పోయింది. వాడు కూడా పోయాడు" అందామె. "అబద్ధమైనా అందులో నా కొడుకు పేరుండేది గురువుగారూ. ఇప్పుడు వాడసలు పుట్టనే లేదన్నట్టుంది."

ఆ మాట తలుపు బయటికి వినబడింది. నార్దు గోడకు ఆనుకుని అక్కడే కూలబడ్డాడు. ఒకసారి సముద్రంలో, ఒకసారి పుస్తకంలో, ఇప్పుడు మూడోసారి కూడా తానే వాణ్ణి ముంచానని ఏడ్చాడు. గురువుగారు బయటికొచ్చి భుజం పట్టుకుని లేపబోయారు. లోపలి నుంచి ఇంపెరియా గొంతు వినబడింది.

"ఉండనివ్వండి. ఏడవనివ్వండి. వాడి కోసం ఏడ్చేవాడు ఇంకొకడున్నాడు, అంతవరకు నయం."

తలుపు మాత్రం తీయలేదు.