పీతల మేష్టారి లెక్క

బి.ఏ. ప్యాసై, రెవెన్యూ ఆఫీసులో ఉద్యోగానికి అర్జీ పెట్టుకుని, అది వచ్చేదాకా ఖాళీగా ఉండలేక బందరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేష్టారి దగ్గర సహాయకుడిగా చేరాను. యుద్ధానికి ముందు మాట.

మంగినపూడి బురదలో తిరిగే చిన్న పీతలంటే ఆయనకి ప్రాణం. వాటిలో మగవాటికి ఒక చెయ్యి బాగా పెద్దది. కొన్నిటికి కుడిది, కొన్నిటికి ఎడమది. ఎందుకలా? అదీ ఆయన ప్రశ్న. వారానికి రెండుసార్లు సైకిళ్ళ మీద వెళ్ళి, సముద్రం వెనక్కి తీసిన వేళ బురదలో దిగి, పీతల్ని పట్టి, చూసి, పుస్తకంలో రాసుకుని వదిలేసేవాళ్ళం.

మా నాన్నగారు కోర్టు గుమాస్తా. ఒకరోజు మేష్టార్నే అడిగేశారు: "ఇది నేర్చుకుంటే మావాడికి ఏ ఆఫీసులో ఉద్యోగం వస్తుందండీ?"

"ఎక్కడా రాదండీ," అన్నారు మేష్టారు నవ్వకుండా. "టైపు నేర్పించండి. సాయంత్రాలు పంపించేస్తాను."

టైపులో చేరాను. ఆ చలికాలంలో ఆయనకి జ్వరం తగిలి, నన్నొక్కణ్ణే వెళ్ళమన్నారు. టైపు పరీక్ష దగ్గరపడింది. కొన్నాళ్ళు ఇంట్లోనే కూర్చుని అంకెలు అల్లేశాను.

ఆయన లేచి పుస్తకం చూసి పొంగిపోయారు. "ఎడమవి ఎక్కువయ్యాయోయ్!" అంటూ వ్యాసం మొదలుపెట్టారు. మర్నాడు వెళ్ళి నిజం చెప్పేశాను.

ఆయన పుస్తకం దగ్గరికి లాక్కుని, "ఏ రోజులవి?" అన్నారు.

"గుర్తు లేదండీ."

కలం తీసుకుని ఆ చలికాలం పేజీలన్నీ కొట్టేశారు. "అన్నీ ఎందుకండీ? ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడరు. పీతల లెక్క ఎవరిక్కావాలి? అందుకే మనమే చూసుకోవాలి," అన్నారు. వెళ్ళిపొమ్మంటారనుకుని గుమ్మం దాకా వచ్చాను. "రేపు పదింటికి నీళ్ళు తీస్తాయి. టోపీ తెచ్చుకో," అన్నారు వెనకనించి.

మళ్ళీ ఏడాది పట్టింది. ఈసారి ఒక్క పీతని కూడా నేను ఊహించి రాయలేదు. చివరికి కుడివీ ఎడమవీ దాదాపు సమానమని తేలింది.

"ఇంత కష్టపడితే ఏమీ దొరకలేదు కదండీ," అన్నాను.

"అదేమిటోయ్! సమానమని దొరికిందిగా. ఇహ ఎందుకు సమానమో చూద్దాం!" అన్నారు, బురద కాళ్ళతోనే వరండాలో అటూ ఇటూ తిరుగుతూ. తర్వాత రెవెన్యూలో ముప్ఫయ్యేళ్ళు నౌకరీ చేశాను. ప్రమోషన్ కాగితం అందుకున్నవాళ్ళలో కూడా అంత సంతోషం చూడలేదు.