వీపు మీద రఫూ

“ఇదిగో అమ్మా, ఇన్నాళ్ళకి నీకు తగ్గ పని” అంటూ కూతురు ఒక కాగితం సంచీ తెచ్చి సూదమ్మ ఒళ్ళో పెట్టింది. మంగళవారం పొద్దున, అప్పుడే షాపు తీశారు. సంచీలోంచి ఖాకీ చొక్కా ఒకటి సగం బయటకు జారింది. జేబు మూల మీద నీలం సిరా మరక కనిపించింది. సూదమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పోస్టన్న స్మారక మందిరం వాళ్ళు పంపారట. వచ్చే నెల మందిరం తెరుస్తున్నారు. ఆయన సైకిలు, కళ్ళజోడు, ఉత్తరాల సంచీ అన్నీ అద్దాల బీరువాల్లో పెడుతున్నారు. ఈ చొక్కా ఆయన చెల్లెలి ట్రంకు పెట్టెలో ఉండిపోయిందట. మోచేతి దగ్గర ఎలుక కొరికింది, మడతల దగ్గర చీలికలు పట్టాయి. రఫూ చేసేవాళ్ళ కోసం వాకబు చేస్తే నలుగురూ సూదమ్మ పేరే చెప్పారని కూతురు సంబరంగా చెప్పుకుపోయింది. శుక్రవారానికల్లా కావాలి. పక్కన పెట్టే కార్డు మీద సూదమ్మ పేరు కూడా వేస్తారు.

తనకు కళ్ళు ఆనడం లేదనీ, ఇంకెవరికైనా ఇవ్వమనీ అంది సూదమ్మ. నిన్ననే ఎదురింటి డాక్టరుగారి ప్యాంటు మీద సిగరెట్టు కాలిన చిల్లును, ఆయన భార్య కూడా వెతుక్కునేలా మాయం చేసిన మనిషి. “నిన్న ఆనిన కళ్ళకి ఇవాళేమైందట?” అని నవ్వి కూతురు ముందు గదిలోకి వెళ్ళి మిషను తొక్కుకోసాగింది.

సూదమ్మ సంచీని బల్ల కిందికి తోసేసింది. పైన ఒక పాత దుప్పటి కప్పింది. ఆ తరువాత పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఒక్క కుట్టు పడలేదు.

ఆమెకు డెబ్భై ఒక్క ఏళ్ళు. అందులో ముప్ఫై నాలుగేళ్ళు పెద్దాసుపత్రి లాండ్రీలో గడిచాయి. మొదట్లో ఆవిరి తొట్ల దగ్గర దుప్పట్లు కలియబెట్టే పని. అక్కడ ఒక ముసలి రఫూ పనివాడుండేవాడు. డాక్టర్ల కోట్లు, దుప్పట్లు చిరిగితే, అదే గుడ్డ లోపలి మడతలోంచి దారం లాగి, నిలువు పోగులు వేసి, అడ్డపోగులు ఒకటి విడిచి ఒకటి ఎక్కిస్తూ, నేసినట్టే కలిపేవాడు. పై వైపు ఏమీ కనిపించదు. లోపలి వైపు తిప్పితేనే దారం కొసలు గరుగ్గా వేలికి తగులుతాయి. ఈమె వేళ్ళు చూసి ఆయన ముచ్చటపడి పని నేర్పాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి గురువునే మించిపోయింది. సూదమ్మ అన్న పేరు ఆయన పెట్టిందే. మనుషుల్ని కూడా ఆమె బట్టల్ని బట్టే అంచనా కట్టేది. ఫలానా మనిషి ఎలాంటివాడని అడిగితే, “మంచాయనే, కాకపోతే పని చెయ్యడు. మోచేతులు అరుగుతాయి, మోకాళ్ళు అరగవు” అనేది.

ఆ రోజుల్లో ఆ ఊళ్ళో రెండు గుమ్మాలుండేవి. ఆసుపత్రికీ, ఆఫీసులకీ, సినిమా హాలుకీ కొందరు ముందు గుమ్మంలోంచి వెళ్ళేవారు, సూదమ్మ లాంటివాళ్ళు వెనక సందులోంచి వెళ్ళేవారు. పోస్టన్న కూడా వెనక గుమ్మం మనిషే. ఉత్తరాలు పంచే ఉద్యోగం. ఒకరోజు ఎవరో పెద్దమనిషి, ఉత్తరం తెస్తే వెనకవైపు నుంచి రమ్మన్నాడట. “ఉత్తరం మీద మీ ముందు గుమ్మం నంబరుందండీ” అని పోస్టన్న అక్కడే నిలబడ్డాడు. ఉద్యోగం పోయింది. ఖాకీ చొక్కా మాత్రం విడవలేదు. ఆ చొక్కాతోనే ఆసుపత్రి గేటు ముందు పదకొండు రోజులు జనాన్ని కూర్చోబెట్టాడు. పన్నెండో రోజు లాండ్రీ ఆడవాళ్ళు పెద్ద గేటులోంచి లోపలికి నడిచారు. కాపలావాడు వాళ్ళ కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు తప్ప మొహాలు చూడలేకపోయాడు. ఆ రోజు సూదమ్మ ఏ పనీ లేకపోయినా నాలుగుసార్లు బయటికి వెళ్ళి లోపలికి వచ్చింది.

ఆ తరువాత రెండేళ్ళకి, ఒక బుధవారం, కోర్టు మెట్ల దగ్గర ఊరేగింపులో తుపాకి పేలింది. ఆసుపత్రికి తెచ్చేసరికే పోస్టన్నకు ప్రాణం లేదు. అరగంటలో ఆయన బట్టలు మూట కట్టి లాండ్రీలో పడేశారు. మూట విప్పింది సూదమ్మే. సిరా మరక చూడగానే గుర్తుపట్టింది. ఎడమ భుజం కిందుగా, వీపు మీద ఒక చిల్లు ఉంది. దాని చుట్టూ చొక్కా అంతా నెత్తురుతో అట్టలా ఎండిపోతోంది.

ఇంకొకరైతే దాన్ని అలాగే దాచేవారు. ఎవరైనా చదువుకున్నవాళ్ళుంటే ముట్టుకోవద్దనేవారు. సూదమ్మకు తెలిసిందల్లా ఒకటే. రేపు ఈ చొక్కా వాళ్ళింటికి వెళుతుంది, ఆయన తల్లి దీన్ని విప్పి చూస్తుంది. ఆ తల్లి కంట ఈ చిల్లు పడకూడదు. చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టింది. వేడినీళ్ళు తగిలితే నెత్తురు గుడ్డలోనే ఉండిపోతుందని తొట్టి దగ్గర ఎవరినీ రానివ్వలేదు. ఏడుసార్లు నీళ్ళు మార్చింది. ఆరబెట్టి, కింది మడత విప్పి, దారం లాగి, ఏడుస్తూ సాయంత్రం దాకా రఫూ చేసింది. ఆమె జీవితంలో అంత బాగా కుదిరిన పని ఇంకోటి లేదు. ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి, మర్నాడు లాండ్రీ బల్ల దగ్గరకు వచ్చిన పోస్టన్న చెల్లెలికి తన చేతులతోనే ఇచ్చింది. ఆవిడ మొహం పైకెత్తలేదు.

మూడు నెలలకు విచారణ జరిగింది. ఆయన తుపాకి లాక్కోబోతే పెనుగులాటలో పేలి ఛాతీకి తగిలిందని పోలీసులు చెప్పారు. దేహాన్ని అప్పటికే ఎవరికీ సరిగా చూపించకుండా మట్టి చేసేశారు. లేదు, వెనకనుంచి కాల్చారు, ఆసుపత్రి బండి మీద అన్న వీపు నేను చూశాను, ఆ రోజు చొక్కా నా దగ్గరుంది అని చెల్లెలు చెప్పింది. తెమ్మన్నారు. తెచ్చింది. ఆ కాగితం కట్టను అన్నాళ్ళూ విప్పడానికి ఆ ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు. కోర్టులోనే మొదటిసారి విప్పింది. శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసిన చొక్కా. ముందూ చిల్లు లేదు, వెనకా లేదు. విచారణ జరిపే పెద్ద దొర అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మాయీ, అబద్ధానికైనా ఒక అందం ఉండాలి అన్నాడు. జనం గొల్లున నవ్వారు. ఆ చొక్కా ఆనాటిది కాదనీ, చెల్లెలు అబద్ధమాడిందనీ రాసేశారు.

పోస్టన్న మీద వచ్చిన పుస్తకాలన్నిటిలోనూ ఆ మాట అలాగే ఉంది. అభిమానించి రాసినవాళ్ళు దుఃఖంలో పొరబడిందన్నారు. గిట్టనివాళ్ళు ఇంకా చాలా అన్నారు.

బుధవారం సూదమ్మ దుప్పటి తీసి చొక్కా బయటపెట్టింది. పై వైపు తడిమింది, తన పని తనకే దొరకలేదు. లోపలికి తిప్పింది. భుజం కింద గరుగ్గా తగిలింది. వేలు కాలినట్టు వెనక్కి తీసుకుంది. మోచేతి దగ్గర ఎలుక కొరికినచోట బాగుచేసి ఇచ్చేస్తే సరిపోతుంది. ఎవరూ అడగరు. అద్దం బీరువాలోకి వెళ్ళాక లోపలి వైపు ఎవడు తిప్పి చూస్తాడు? కానీ ఆ అద్దం పక్కన కార్డు మీద, ఆ రోజుది కాదన్నట్టు, ‘ఆయన వాడిన ఒక చొక్కా’ అని రాసి, కింద తన పేరు వేస్తారు. పోనీ తానే విప్పేసి పట్టుకెళితే? ఒంటరిగా కూర్చుని విప్పితే, ముసల్ది ఇప్పుడే చిల్లు పెట్టిందంటారు. అప్పుడు ఆ ఒక్క సాక్ష్యమూ పోతుంది. ఒకసారి మంచి చేయబోయి చేసిన పని చాలు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర కూతురికి చెప్పేసింది. కూతురు కంచంలో చెయ్యి అలాగే ఉంచి విన్నది. తల్లిని ఓదార్చలేదు. జైలుకు పంపుతారేమో ఆలోచించావా అని అడిగింది. ఆయన్ని దేవుడిలా చూసే జనం షాపు మీద రాళ్ళేస్తారేమోనంది. చివరికి, “అప్పుడే ఎందుకు చెప్పలేదే అమ్మా?” అంది.

“అప్పుడు నీకు మూడేళ్ళు. మీ నాన్న మంచంలో ఉన్నాడు. లాండ్రీ పని పోతే ఏం తింటాం?”

“ఆ తరవాత?”

సూదమ్మ చెంబులో నీళ్ళు కంచంలో వంచి చెయ్యి కడిగేసుకుంది. కూతురు లేచి కంచాలు తీసేసింది. గిన్నెలు మామూలు కన్నా గట్టిగా చప్పుడయ్యాయి.

గురువారం పది గంటలకు సూదమ్మ సంచీ పట్టుకుని పోస్టన్న చెల్లెలింటికి వెళ్ళింది. రెండో అంతస్తు. మెట్ల మలుపు దగ్గర రెండుసార్లు ఆగింది, ఒకసారి ఆయాసానికి, ఒకసారి వెనక్కి పోదామా అని. తలుపు తీసినావిడ తనకన్నా నాలుగైదేళ్ళు పెద్దది. ఇల్లు చిన్నది. కిటికీ పక్కన బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద అన్న ఫోటో.

అప్పుడే అయిపోయిందా అని అడిగిందావిడ. మొదలే పెట్టలేదంది సూదమ్మ. చొక్కాను బల్ల మీద లోపలి వైపుకు తిప్పి పరిచి, ఆవిడ వేలు పట్టుకుని భుజం కింద ఆనించింది.

“ఇక్కడ చిల్లుండేదక్కా. నేనే మూశాను. ఆ రోజే, ఆసుపత్రి లాండ్రీలో.”

చెల్లెలు వేలు తీయలేదు. చాలాసేపు దారం కొసల మీద అటూ ఇటూ రాసింది. ఎందుకు మూశావని అడగలేదు. “అమ్మగారు చూస్తారని...” అని సూదమ్మే మొదలుపెట్టి ఆపేసింది.

“కోర్టుకి వచ్చావా నువ్వు?”

లేదనవచ్చు. తెలిసినవాళ్ళు ఇంకెవరూ బతికిలేరు. “వచ్చానక్కా. వెనక వరసలో ఉన్నాను.”

“నవ్వావా?”

“లేదు.”

“నవ్వినవాళ్ళే నయం” అంది చెల్లెలు. గొంతు పెంచకుండానే అంది. “వాళ్ళకి తెలీదు. ఈ సిరా మరక మా అన్నదే. ఈ గుండీకి తెల్లదారం వేసింది నేనే. చొక్కా అదే, చిల్లు లేదు. బండి మీద చూసిందేమిటో, కోర్టులో చూసిందేమిటో నాకే అర్థం కాలేదు. మా అమ్మ పోయేదాకా అడుగుతూనే ఉంది, నిజంగా చూశావా అని. నాకు మతి చలించిందేమో అనుకున్నాను, విన్నావా? నలభై రెండేళ్ళు.”

సూదమ్మ సంచీలోంచి చిన్న కత్తెర తీసి, ఇప్పుడే విప్పుతానంది. చెల్లెలు ఆమె మణికట్టు పట్టేసుకుంది.

“ఇక్కడ కాదు. ఇద్దరు ముసలాళ్ళం కూర్చుని విప్పితే, ఇద్దరూ కలిసి చించారంటారు.”

ఫోను చేసింది. మందిరం కమిటీ వాళ్ళని, వాళ్ళ లాయరుని నాలుగింటికి రమ్మంది. సూదమ్మ లేవబోతే కుర్చీ చూపించింది. “కూర్చో. వెళితే మళ్ళీ రావు.” పదిన్నర నుంచి నాలుగు దాకా సూదమ్మ ఆ కుర్చీలోనే ఉంది. మధ్యలో ఒకసారి చెల్లెలు ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి బల్ల మీద, చొక్కాకు దూరంగా పెట్టింది. మెట్ల మీద చప్పుడైన ప్రతిసారీ సూదమ్మ తలుపు వైపు చూసింది.

ఐదుగురు వచ్చారు. లాయరు చిన్నవయసు అమ్మాయి. కెమెరా పెట్టి, ముందు రెండు వైపులా ఫోటోలు తీసి, టైము చెప్పి, ఇక కానివ్వండి అంది. సూదమ్మ సూది మొనతో మొదటి పోగు లేపబోయింది. గుడ్డ ముడుచుకుపోతోంది. ఇంకోసారి పెట్టింది. సూది జారిపోయింది. ఎవరో చేసిపెడదామా అని ముందుకు వంగారు. చెల్లెలు వాళ్ళని ఆపి, బల్లకు అటువైపు కూర్చుని, రెండు చేతులతో గుడ్డను బిగించి పట్టుకుంది.

“ఊఁ, కానియ్” అంది.

పోగులు ఒక్కొక్కటే వచ్చాయి. బాగా పట్టుకుపోయాయి, కొన్నిటిని తెంపాల్సి వచ్చింది. ఇరవై నిమిషాలకు గుడ్డ నోరు తెరిచింది. అంచులు ఇంకా గోధుమరంగులో ఉన్నాయి. ఏడు నీళ్ళలోనూ పోనిది అక్కడ మిగిలిపోయింది. అందరూ బల్ల మీదికి వంగారు. చెల్లెలు మాత్రం చిల్లు వైపు చూడకుండా లాయరు కలం వైపు చూస్తోంది.

“వీపు మీద. రాసుకో” అంది.

లాయరు రాసుకుంది. కాగితం తిప్పి, కొత్త పేజీ తీసి, సూదమ్మ వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో మీ మాటల్లో చెప్పండి అని అడిగింది. తలుపు దగ్గర కూతురు ఎప్పుడొచ్చిందో వచ్చి నిలబడి ఉంది. సూదమ్మ మంచంలో ఉన్న మొగుడి దగ్గర మొదలుపెట్టింది. అది చాలదని తనకే తెలిసి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. మధ్యలో ఎవరూ ఆమెను ఆపలేదు, ఫరవాలేదని కూడా అనలేదు.