ఎల్లవ్వ మేకలు
లోకంలో దేన్ని చూసినా కలగని గర్వం ఆగయ్యకు తన మేకపోతును చూస్తే కలిగేది. దాని పేరు దొర. ఆగయ్య జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఇరవయ్యో ఏట సూరత్ వచ్చాడు. అక్కడి ఉధ్నా పేటలో ఊరివాళ్లంతా మగ్గాల మీదికి పోతే, అతను పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో కుదిరాడు. ముప్పై ఏళ్లు కావస్తోంది, అదే పని.

పెళ్లయి పాతికేళ్లు దాటినా పిల్లలు లేరు. లోపం భార్య ఎల్లవ్వదేనని అతని తల్లి తేల్చింది, ఊరు ఒప్పుకుంది, చివరికి ఎల్లవ్వా ఒప్పుకుంది. ఆమె మొక్కని దేవుడు లేడు, మింగని మందు లేదు. ఆగయ్యను పరీక్షకు రమ్మంటే మాత్రం "మగోనికి పరీక్షేంది" అని ఆస్పత్రి నుంచి లేచొచ్చేవాడు. ఆ ఇంట్లో మూడు ఆడమేకలే ఎల్లవ్వకు దిక్కయ్యాయి. వాటి పిల్లలను ఒళ్లో వేసుకోవాలి, అంతే. అంతకుమించి ఏమీ కోరలేదు పిచ్చితల్లి.

పోతు కంపు సామాన్యమైనది కాదు. గల్లీవాళ్లు గోల పెట్టేసరికి, దొరను చిన్నప్పుడే షెడ్డు వెనక కట్టేశాడు. నీళ్లకని లారీ బ్యాటరీ పెట్టె ఒకటి ఏరి, పైభాగం కోసి, తానే కడిగి పెట్టాడు. కుమ్మినా పగలదు, దొర్లదు అని మురిసిపోయాడు. షెడ్డు బూడిద పడిన గడ్డే దాని మేత. మేకలు ఎదకొచ్చినప్పుడల్లా దొరను ఇంటికి తోలుకొచ్చేవాడు.

రెండేళ్లయినా ఒక్కటీ చూడి నిలవలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆగయ్య మేకల మీద పడ్డాడు. "గొడ్డువాటిని ఎన్నొద్దులు మేపుతం" అంటూ ఒకదాని తర్వాత ఒకటి కసాయికి ఇచ్చేశాడు. మూడోదాని తాడు ఎల్లవ్వ వదల్లేదు. ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి లాక్కుపోయాడు. చెప్పడానికే నోరు రాని పాపమది.

తర్వాత పక్క గల్లీ గంగవ్వ తన మేకలను దొర దగ్గరికి తెచ్చింది. నిలవలేదు. అవే మేకలు ఇంకో పోతుతో వెంటనే చూడి కట్టాయి. అప్పుడు గానీ ఆగయ్య పశువుల డాక్టరు గడప తొక్కలేదు.

డాక్టరు దొర రక్తం, వీర్యం పరీక్ష చేయించాడు. వీర్యకణాలు బాగా తక్కువ, ఉన్నవీ కదలడం లేదు. రక్తం నిండా సీసం. నీళ్లతో, గడ్డితో లోపలికి పోయి వృషణాలను దెబ్బతీసి ఉంటుందన్నాడు. చోటు మారిస్తే కొంత కోలుకోవచ్చు, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు. ఆ తర్వాత ఆగయ్య చేతుల వైపు చూసి, ఆ షెడ్డులో నువ్వెన్నేళ్ల నుంచి చేస్తున్నావని అడిగాడు.

ఇంటికొచ్చి గడపలోనే కూలబడ్డాడు. ఎల్లవ్వ మంచినీళ్లిచ్చింది.

"మేకలది తప్పు లేదంటనే. పోతుదేనంట. సీసం పట్టిందంట."

ఎల్లవ్వ మేకలు కట్టే గుంజ వైపు చూస్తూ నిలబడింది.

"నేను గూడ పరీక్ష చేయించుకుంట ఎల్లవ్వా. రేపే పోత," అని బావురుమన్నాడు.

ఆమె పక్కన కూర్చుని కొంగుతో అతని మొహం తుడిచింది.

"ఇప్పుడెందుకయ్యా. నాకు ముట్లు ఆగి రెండేండ్లాయె."