ఎవరి జాబు వాళ్ళే విప్పాల

మా బాగేపల్లి పోస్ట్‌మాస్టరు గారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చున్న మనిషి అట్లే వెనక్కి వాలిపోయారట. ఫోను చేసి ఆ కబురు చెప్పింది ఆయన ఇంటామె. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అదే పొద్దున నా కూతురు ఫోను చేసి, తన ఉద్యోగం పర్మనెంటు అయిందని చెప్పింది. "సార్‌కు మెయిల్ కూడా వేసినాను నాయనా, నీకన్నా ముందే" అంది. ఆ సంతోషం పట్టలేక, బస్సెక్కి ఆయన దగ్గరికి పోదామని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. ఒక్క పూట ఆగి ఉంటే ఏం పోయేది ఆయనకు?

నాది పక్కనున్న మిట్టేమరి పల్లె. చదివింది ఏడో తరగతి. ఇట్లాంటివి రాసే అలవాటు లేదు. కానీ ఆ మహానుభావుడి గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు ముద్ద దిగేటట్టు లేదు.

రిటైరయ్యాక ఆయన తన ముందు గదిలో ఒక కంప్యూటరు పెట్టుకున్నారు. అందులో మెయిళ్ళు చూసే ప్రోగ్రాము ఒకటి. దాంట్లో ఆయన అకౌంటు ఒక్కటే కాదు, ఆయనదీ తెలిసినవాళ్ళవీ అన్నీ కలిపి ఆరు. పాల సంఘానిది, వీధి చివర దర్జీ ఆమెది, నాది, ఇంకా ఇద్దరివి. ఎడమ పక్క వరసగా ఆరు పేర్లు. పోస్టాఫీసులో జాబులు వేరు చేసే గూళ్ళు ఉంటాయే, అచ్చం అట్లాగే. అన్నీ కలిపి ఒకే చోట చూపించే ఏర్పాటు కూడా ఆ ప్రోగ్రాములో ఉందట. పాల సంఘం సెక్రెటరీ ఒకసారి, "అది ఆన్ చేయండి సార్, పని సులభం" అన్నాడు.

"ఆరిళ్ళ జాబులు ఒకే సంచిలో పోసేదానికా నేను ఇన్నేండ్లు సార్టింగు చేసింది? పోప్పా" అన్నారు ఆయన.

నా అకౌంటు పెట్టిన రోజు పాస్‌వర్డు నన్నే కొట్టమన్నారు. కుర్చీ తిప్పుకుని, "నేను గోడ తట్టు చూస్తాండా, నిదానంగా కొట్టప్పా" అన్నారు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని నేను కొట్టేంతసేపూ ఆయన గోడనే చూస్తూ కూర్చున్నారు. ఇంత మర్యాద నాకు ఏ ఆఫీసులోనూ జరగలేదు. ఆ పాస్‌వర్డును నేను సాయంత్రానికే మరిచిపోయాను. ఆ మిషన్‌కు మాత్రం గుర్తుంది. అందుకని నా మెయిలు చూడాలంటే నేను బాగేపల్లికి పోవాల్సిందే.

ఇంక నా ప్రాణం తీసిన సంగతి ఇదే. ఆయన ఫోను చేసేవారు.

"ఏమప్పా, నీకు జాబొచ్చుండాది. రా."

"ఏముందో చదివి చెప్పండి సార్, పొలంలో పనుండాది."

"నీ జాబు నేను విప్పేది యాడన్నా ఉందా? ఎవరి జాబు వాళ్ళే విప్పాల."

పలుగూ పారా పడేసి, బస్సు పట్టుకుని, ఆయన ఇంటిదాకా నడిచిపోయి చూస్తే అది మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన. "పైన పేరు కనపడతాండాది గదా సార్, నూనె అని, అదన్నా చెప్పకూడదా?" అంటే, "నీకు నూనె కావాల్సి ఉండొచ్చు, నాకేం తెలుసు?" అని కాఫీ తేవడానికి లోపలికి పోయేవారు. ఎన్నిసార్లు పళ్ళు కొరుక్కున్నానో లెక్క లేదు.

ఒక రోజు అట్లే తిట్టుకుంటూ పోయి తెరిస్తే, నా కూతురికి ఉద్యోగం. దావణగెరె వైపు ఒక విత్తనాల ల్యాబులో. అర్జీ నింపిన రోజు పిల్ల అకౌంటు తెరుచుకోక నాది ఇచ్చింది. ఆ సాయంత్రం ఐదు లోపల, అర్జీలో ఉన్న అకౌంటు నుంచే ఒప్పుకున్నట్టు జవాబు రావాలి, లేకపోతే ఇంకొకరికి ఇస్తామని రాసి ఉంది. పిల్లకు ఫోను చేస్తే, "పంపించు నాయనా, పంపించు" అని ఒకటే మాట. నాకు కళ్ళ నీళ్ళు తిరిగి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆయన లోపల కాఫీ కలుపుతున్నారు. రిప్లై నొక్కాల్సిన చోట కొత్త మెయిలు నొక్కి, ల్యాబు అడ్రసు చూసి కొట్టి పంపేశాను. కొత్త మెయిలు నొక్కితే ఆ ప్రోగ్రాము వరసలో మొదటి అకౌంటు నుంచి పంపుతుంది. మొదటిది పాల సంఘానిది.

పాల సంఘం ఆ ఉద్యోగానికి ఒప్పుకుంది, సోమవారం చేరుతుంది అని నేను ల్యాబుకు రాసినట్టయింది.

అరగంటకు పాల సంఘం గూట్లో జవాబు వచ్చి పడింది. ల్యాబు పేరు కనబడుతోంది. నేను మౌసు పట్టుకోబోతే ఆయన నా చేతి మీద చెయ్యి పెట్టారు.

"అది నీది కాదప్పా."

"నా కూతురి బతుకుండాది సార్ దాంట్లో."

"ఉండనీ. సంఘానిదది. సెక్రెటరీ రావాల."

సెక్రెటరీ చింతామణిలో ఎవరిదో పెళ్ళికి పోయి ఉన్నాడు, ఫోను ఎత్తడు. గడియారంలో నాలుగు దాటింది. ఆ క్షణంలో ఆ మనిషిని మెడ పట్టుకుని బయటికి నెట్టాలనిపించింది. ఇల్లు ఆయనది కాబట్టి ఊరుకున్నాను.

ఆయన మాత్రం కళ్ళజోడు తుడుచుకుని కూర్చుని, "నీది నువ్వు చూడు" అన్నారు. నా గూట్లో ల్యాబువాళ్ళ మొదటి జాబు తెరిపించారు. రిప్లై నొక్కించారు. పంపేవారి చోట నా పేరు ఉందో లేదో వేలు పెట్టి చూపించి, నా నోటితో చదివించారు. "కవరు మీద ఎవరు పంపేది చూడకుండానే ముద్దర కొట్టినావు, అంతే. జాబు తప్పు కాదు, గూడు తప్పు" అన్నారు. ఐదుకు ముందే పోయింది. పది నిమిషాలకే, అందింది, రండి అని నా గూట్లోకే జవాబు వచ్చింది. నేను ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. "కాఫీ చల్లారిపోయె, తాగు" అన్నారు.

మర్నాడు సెక్రెటరీ వచ్చి తనది విప్పి, "మా సంఘానికి విత్తనాల పనిలో అనుభవం ఉందా అని అడుగుతాండారు సార్, ఏం రాసేది?" అన్నాడట. ఆయన అంతగా నవ్వింది ఎన్నడూ చూడలేదని ఇంటామె చెప్పింది. ఆ రోజే ఒక్కొక్క అకౌంటుకు ఒక్కొక్క రంగు పెట్టారు. నాది మల్బరీ ఆకు పచ్చ. "ఇంక పొరపాటు చేస్తే నీ కండ్లదే తప్పు" అన్నారు.

మొన్న ఆదివారం ఆయన ఇంటామె మా అందరికీ ఫోను చేసి, ఎవరి అకౌంట్లు వాళ్ళు చూసుకుని పొమ్మంది. నేను పోయేసరికి మిగతావాళ్ళు వచ్చిపోయారు. మిషన్ నడుస్తూ ఉంది. ఆయన గూట్లో మాత్రం విప్పని జాబులు లావు అక్షరాల్లో వరసగా ఉన్నాయి. వాటి అడుగున, మంగళవారానిది, నా కూతురి పేరు.

"పాప రాసుండాది గదన్నా, నువ్వే విప్పు. నేను ఇంటాను" అంది ఆమె.

మౌసు మీద చెయ్యి పెట్టాను. దాంట్లో ఏముందో నాకు తెలుసు. అయినా వేలు కదల్లేదు.

"నాది కాదు గదక్కా" అన్నాను.

ఆమె నన్ను చూసి, "నువ్వూ ఆయన మాదిరే అయిపోయినావా" అని కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను ఆ కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాను. సున్నం పెచ్చు ఊడిన చోటు ఒకటి, మేకు గుర్తు ఒకటి. మా అందరి పాస్‌వర్డులప్పుడూ ఆయన చూస్తూ కూర్చున్నది ఇదే. ఆయన జాబు ఆయనే విప్పుకోనీ, నిదానంగా చదువుకునే మనిషి. ఆమె కాఫీ తెచ్చేదాకా నేను వెనక్కి తిరగలేదు.