ఒక బండికే సరిపోయే పెట్రోలు

మొన్న మా మనవడు కువైట్ నుంచి ఫోనులో రెండు బండ్ల ఫోటోలు పంపి, అవ్వా, ఈ రెండింటిలో ఏది కొనమంటావని అడిగాడు. ఒకటి నేలకు అతుక్కున్నట్టుండే రెండు తలుపుల రేసు కారు, రెండోది వెనక తొట్టి ఉన్న, లారీ అంత పికప్. నా సలహా విని బండి కొనే రకం కాదని నాకూ తెలుసు, ఆట పట్టించడానికే అడిగాడు. నవ్వి ఊరుకోవలసిన దానికి నేను ఫోను మంచం మీద పడేసి వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. ఇరాక్ వాళ్ళు కువైట్ మీద పడ్డ ఏడాది ఇలాంటి రెండు బండ్లలోనే మా అన్న ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చింది. ఆ సంగతి మనవడికి పూర్తిగా తెలియదు, నేనే చెప్పలేదు.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రాయచోటి వైపు నుంచి కువైట్ పోవడమంటే బొంబాయి దాకా రైలు, అక్కడ ఏజెంటు గదిలో పడిగాపులు, ఆ తర్వాత ఎప్పటికో విమానం. అన్న ముందు పోయి సబా అల్ సలేంలో ఒక ఇంట్లో డ్రైవరుగా కుదురుకుని, వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి నాకూ వీసా తీయించి అదే ఇంట్లో వంటకు పెట్టించాడు. అప్పుడే పాలు మాన్పించిన కూతురిని అమ్మ దగ్గర వదిలి పోయాను. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, మంచివాడే, ఉన్నమాట చెప్పాలి కదా. ఆ ఇంటి కొడుక్కి ఒక ఎర్రటి చిన్న కారు ఉండేది, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటు లేదు. అన్న దాన్ని రోజూ పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, దుప్పటి కప్పేవాడు. మా వదినను కూడా ఇంత ముద్దుగా చూసి ఉండవని నేను ఏడిపించేదాన్ని. చలికాలం ఎడారిలో గుడారాలు వేయడానికి, గొర్రెలకు మేత తేవడానికి ఒక పెద్ద పికప్ ఉండేది, దాన్ని మాత్రం దున్నపోతు అనేవాడు. ఏ బండి తాళమైనా నీ చేతిలోంచి ఇంకొకడి చేతికి పోకూడదని కఫీల్ మొదటి రోజే చెప్పాడట, అన్న తాళాలు మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు, స్నానానికి పోయినా అంతే.

ఎండాకాలం వస్తే ఆ ఇళ్ళవాళ్ళంతా చల్లటి దేశాలకు పోయి, ఇల్లు మా చేతుల్లో పెట్టేవారు. ఆ ఏడూ అలాగే పోయారు. ఒక తెల్లవారుజామున ఫిరంగుల చప్పుడుకు లేచి చూస్తే దేశం వేరొకరి చేతిలో ఉంది. విదేశాలకు ఫోన్లు ఆగిపోయాయి, ఏం చేయాలో చెప్పే కఫీల్ లేడు, సిపాయిలు వీధిలో కనబడ్డ బండినల్లా తోలుకుపోతున్నారు, అందులోనూ సామాను మోసే పికప్పులంటే వాళ్ళకు మరీ మోజు. బంకుల్లో పెట్రోలు దొరకడం గగనమైపోయింది. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దేశంలోని అమ్మాన్ చేరితే అక్కడ మన విమానాలు ఉన్నాయని మాత్రం అందరూ అంటున్నారు. మా రెండు బండ్లలో ఉన్న పెట్రోలంతా కలిపితే ఒక బండి బస్రా దాటుతుంది. ఏదో ఒకదాని ట్యాంకు ఖాళీ చేయక తప్పదు.

నేను చిన్న కారే అన్నాను. రివ్వున పోతుంది, రెండు సీట్ల బండి సైన్యానికి ఎందుకూ పనికిరాదు, మనం ఉన్నది ఇద్దరమే కదా అన్నాను. అన్న కూడా ముందు తలూపాడు. అంతలో మేము పోతున్నామని ఎలా తెలిసిందో, యజమానులు ఊళ్ళో లేని చుట్టుపక్కల ఇళ్ళలోని ఆడవాళ్ళు, పది పన్నెండు మంది, మూటలు పట్టుకుని మా గేటు ముందుకు వచ్చి నిలబడ్డారు. మా జిల్లా వాళ్ళు కొందరు, గోదావరి వైపు నుంచి వచ్చిన ఆయాలు కొందరు. నేను అన్నను లోపలికి పిలిచి, అందరినీ మనం ఎక్కడ మోస్తాం, నా బిడ్డ ముఖం చూడాలి నేను, అని గట్టిగానే పోట్లాడాను. అన్న కోపం చేసుకోలేదు.

"మనమిద్దరమే పోతే ఊర్లో ఏం జెప్తాం పాపా? ఇంతమందిని ఈడ్నే ఇడిసిపెట్టి వచ్చినామని జెప్తామా?"

ఆ మధ్యాహ్నం ఎర్ర కారులోకి పైపు పెట్టి, నోటితో పీల్చి ఉమ్మేస్తూ, పెట్రోలంతా పికప్‌లోకి మార్చాడు. కారును సిపాయిలు ఎత్తుకుపోకుండా చక్రాలు విప్పి దాచి, ఇటుకల మీద నిలబెట్టాడు. పొద్దున్నే అందరం తొట్టిలో కిక్కిరిసి కూర్చుని బయలుదేరాం.

సరిహద్దు దారిలో జహ్రా ఊరు దాటాక సిపాయిలు ఆపారు. మమ్మల్ని దింపి, వెనక వస్తున్న బస్సులో ఎక్కమన్నారు, నీళ్ళ డ్రమ్ములు మోయడానికి బండి కావాలి, తాళం ఇమ్మన్నారు. ఇచ్చేసి మాతో బస్సెక్కి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అన్న ఇవ్వలేదు. తాళం ఇవ్వను, కావాలంటే బండి నేనే నడుపుతాను, పని కాగానే వదిలేయండని వచ్చీరాని అరబ్బీలో బతిమాలుకున్నాడు. వాళ్ళకూ డ్రైవరు దొరికాడు, సరేనన్నారు. నేను చెయ్యి పట్టుకుని లాగితే విడిపించుకున్నాడు.

"బండి ఇడిసిపెట్టి వస్తే రేపు కఫీల్‌కు ఏం జవాబు జెప్పల్ల? మీరు పోతాండండి, నేను ఎనకాలే వస్తా."

బస్రాలో బస్సు ఆగిన చోటు నుంచి కదలనని కూర్చున్నాను. గోదావరి అక్క ఒకామె నన్ను రెక్క పట్టి లేపింది. "ఇక్కడుండిపోతే ఎలాగమ్మా, అందరూ అమ్మాన్‌లోనే కలుత్తున్నారంట, మీ అన్న కూడా అక్కడికే వత్తాడు" అంది. జోర్డాన్ సరిహద్దు దగ్గర ఎడారిలో శరణార్థుల గుడారాల్లో ప్రతి బస్సుకూ ఎదురు పోయాను. అన్న రాలేదు.

యుద్ధం అయ్యాక మామా, ఆ ఇంటి యజమానురాలిని అలాగే పిలిచేవాళ్ళం, కబురు చేస్తే మళ్ళీ అదే ఇంటికి పోయాను, అన్నను వెతకడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. కఫీల్ నన్ను చూసి తలపాగా కొసతో ముఖం కప్పుకుని ఏడ్చాడు, ఆ ఇనుప ముక్క కోసం ఎందుకు ఆగాడమ్మా అన్నాడు. ఆసుపత్రులు, ఠాణాలు అన్నీ తిరిగాం. అమ్ఘరా పాత ఇనుము యార్డుల్లో కాలిపోయిన బండ్ల గుట్టల మధ్య ఇద్దరం మా పికప్ కోసం వెతికాం, అదీ దొరకలేదు. ఎర్ర కారు మాత్రం ఇటుకల మీద గీత పడకుండా ఉంది. చక్రాలు బిగించి ఆ ఇంటి కొడుకు దాన్ని మొదటిసారి బయటికి తీసిన రోజు, ఆ చప్పుడు వినలేక నేను వంటింటి తలుపు వేసుకున్నాను.

ఇప్పుడు రోజులు వేరు. మనవడు అక్కడ తినే అన్నం పళ్ళెం వాళ్ళమ్మకు ఇక్కడ కనిపిస్తుంది, వాడి బండి ఏ వీధిలో ఆగిందో ఫోను చెబుతుంది. మా వదిన మాత్రం కువైట్ నుంచి ఎవరు దిగినా వాళ్ళింటికి నడిచిపోయి అడిగి వచ్చేది, బొట్టు చెరపకుండానే కన్నుమూసింది. ఆ పికప్‌లో వచ్చిన వాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. మనవరాళ్ళ పెళ్ళిళ్ళకు పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి, ఈమె అన్న పుణ్యాన బతికాం అని పిల్లల చేత నాకు దండం పెట్టిస్తారు. నేను మనస్ఫూర్తిగానే అక్షింతలు వేస్తాను. మీ అన్న చేసింది మంచి పని అంటారు, నేనూ అవునంటాను. కానీ ఎవరైనా నన్ను మళ్ళీ ఆ ఇంటి వాకిట్లో నిలబెట్టి అడిగితే, ఈ పిల్లలందరి ముఖాలూ చూశాక కూడా, చిన్న కారే అంటాను, మా అన్నను చెయ్యి పట్టి అందులో కూర్చోబెడతాను.